ఏటిగట్టు మీద ఎవరు?

పాలకొల్లులో ఇవాళ ఎవరినైనా ఆపి ‘మీ వీధికి వాలంటీర్ ఎవరండీ’ అని అడిగి చూడండి. మొక్కలు నాటేవాళ్ల పేరో, రక్తం ఇచ్చేవాళ్ల పేరో చెప్పరు. ‘ఇంకెక్కడి వాలంటీరండీ, తీసేశారు గదా’ అంటారు. 2019 ఆగస్టు 15న రాష్ట్ర ప్రభుత్వం పల్లెల్లో యాభై ఇళ్లకు ఒకరి చొప్పున మనిషిని పెట్టి, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చింది. అప్పటినుంచి ఆ మాటకు మన దగ్గర అర్థమే మారిపోయింది. పింఛను తెచ్చి ఇచ్చే మనిషి వాలంటీరు. 2024 ఎన్నికల తర్వాత ఆ వ్యవస్థ ఆగిపోయింది గానీ, పాత అర్థం మాత్రం తిరిగి రాలేదు.

మాట సంగతి తర్వాత చూద్దాం. పని మాటకంటే చాలా పాతది. ఈ గోదావరి డెల్టాలో ఆ పని నీళ్లతో మొదలైంది.

పాలకొల్లుకు తూర్పున గోదావరి పాయ వశిష్ఠ పారుతుంది. ఏటికీ ఊళ్లకూ మధ్య ఉన్నది ఏటిగట్టు ఒక్కటే. 1833 నాటి నందన కరువు, ఆ తర్వాతి తుపాన్లు ఈ జిల్లాను పీల్చి పిప్పి చేశాక, ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కి ముగించాడు. కాలవలు వచ్చాయి, వరి వచ్చింది. వాటితోపాటు గట్లను కాపాడుకోవలసిన బాధ్యతా వచ్చింది. వరద రాత్రి గట్టుకు బుంగ పడితే ఇంజినీరు వచ్చేదాకా ఏరు ఆగదు. అందుకని 1858లో కలకత్తాలోని శాసన మండలి ఆ ఏడాది మొదటి చట్టాన్ని మద్రాసు రాజధానిలో ఈ పని కోసమే చేసింది. వరద ముంచుకొచ్చినప్పుడు గట్టు పనికి ఊరివాళ్లను పిలిస్తే రావాలి. ఆనవాయితీగా చేయవలసిన కాలవ, చెరువు మరమ్మతు ఎగ్గొడితే ఆ పని విలువకు రెట్టింపు కట్టాలి.

‘పూర్వం ఊరంతా ఒక్కటై గట్టు వేసుకునేది’ అని మురిసిపోయే వ్యాసాలు చాలా చదివాను. రాసినవాళ్లు ఈ చట్టాన్ని చూసినట్టు లేరు. ఊరంతా అంటే ఎవరు? పార ఎవరి చేతిలో ఉంది, గొడుగు ఎవరి చేతిలో ఉంది? మాలపల్లె, మాదిగపల్లె చేసిన వెట్టిని ‘సహకారం’ అని రాసుకుంటే చరిత్ర తేలిగ్గానే ఉంటుంది. ఇక్కడ స్వచ్ఛంద సేవ నిర్బంధానికి పక్కింట్లోనే పుట్టింది. ఈ రెంటి మధ్య గోడ ఎప్పుడూ పలచనే.

నిజంగా ఇష్టపడి చేసిన పనులు వేరే వైపు నుంచి వచ్చాయి. 1836లో ఇండియాకు వచ్చి నరసాపురం చేరిన బౌడెన్, బీర్ అనే ఇంగ్లీషు మిషనరీలు జీతమిచ్చే సంఘం ఏదీ వెనక లేకుండా ఈ ప్రాంతంలో స్థిరపడ్డారు. ఏటికి అవతల లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841-1909) దారిన పోయేవాళ్లకు వేళాపాళా చూడకుండా వండి పెట్టారు. రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం చేయించినప్పుడు పెద్దలు వెలి వేస్తామన్నారు. ఆయన వెంట నిలిచినవాళ్లలో ఆయన విద్యార్థులున్నారు. నా లెక్కలో గోదావరి సీమలో సామాజిక న్యాయం కోసం తొలి స్వచ్ఛంద సేవకులు ఆ కుర్రాళ్లే. సీతమ్మ గారి పేరు ప్రభుత్వం ఇవాళ బడి పిల్లల భోజనానికి పెట్టింది. ఆ కుర్రాళ్ల పేర్లు మనలో ఎందరికి తెలుసు?

‘వాలంటీర్’ అన్న ఇంగ్లీషు మాటను తెలుగు ఇళ్లలోకి బాగా తీసుకొచ్చింది కాంగ్రెసు. 1921లో చీరాల-పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రామదండు అనే వాలంటీర్ల దళాన్ని కట్టాడు. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు మహాసభ జరిగింది. హిందూస్తానీ సేవాదళ్ పుట్టింది అక్కడే. ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర పద్నాలుగేళ్ల పిల్ల కాపలా ఉంది. టిక్కెట్టు లేకుండా లోపలికి రాబోతున్న ఒకాయన్ని ఆపేసింది. ఆయన జవహర్‌లాల్ నెహ్రూ. టిక్కెట్టు వచ్చాకే లోపలికి పంపింది. ఆ పిల్ల దుర్గాబాయి, తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఈ కథను సాధారణంగా నెహ్రూ పెద్దమనసుకు ఉదాహరణగా చెబుతారు. నాకు మాత్రం ఇది గుమ్మం దగ్గరి పిల్ల కథ. తనకు అప్పజెప్పిన పనిని పెద్దవాళ్ల మొహం చూసి మార్చుకోలేదు.

1930 ఉప్పు సత్యాగ్రహం నాటికి భీమవరం తాలూకాకు రెండో బార్డోలీ అని పేరొచ్చింది. స్వరాజ్యం వచ్చాక జైలుకు పోవలసిన పని పోయి తట్ట మోసే పని వచ్చింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా చేతికి తొలి భూదానం అందింది. 1952 గాంధీ జయంతినాడు సమాజ వికాస పథకం మొదలైంది. వీటితోపాటు ‘శ్రమదానం’ ఊరూరా వినబడింది. 1969లో ఎన్‌ఎస్‌ఎస్ వచ్చి కాలేజీ పిల్లలను పల్లెలకు తెచ్చింది. 1997లో రాష్ట్ర ప్రభుత్వ జన్మభూమి కార్యక్రమం మళ్లీ శ్రమదానాన్ని పిలిచింది. పెద్దలు తలకు తువ్వాలు చుట్టి ఒక తట్ట ఎత్తగానే కెమెరా క్లిక్కుమనేది. రెండో తట్ట ఎత్తినవాళ్లు ఫొటోలో ఉండరు. అలాగని అంతా బూటకమనీ అనను. ఆ పేరు మీద పూడిక తీసిన కాలవలున్నాయి, ఆ రోడ్ల మీద నడిచినవాళ్లున్నారు.

పిలవకుండానే జనం వచ్చేది మాత్రం వరదకే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు దిగువకు పోయింది. డెల్టాలో చాలాచోట్ల గట్లు తెగాయి. 2022 జూలైలో మళ్లీ 25 లక్షలు దాటింది. అలాంటి రాత్రి ఏటిగట్టు మీద జరిగే పని చూసినవాళ్లు మరిచిపోలేరు. గట్టుకు ఊరివైపు అడుగున తడి కనబడుతుందేమోనని టార్చిలైట్లతో నడుస్తారు. ఊట మట్టిరంగు తిరిగితే భయం. లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం. అక్కడ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి నీటిని కాస్త నిలబెట్టాలి, అప్పుడు ఊట జోరు తగ్గుతుంది. సరుగుడు బాదులు, తాటి దుంగలు ఎవరి తోటలోవని అడగరు. లంకల నుంచి ముసలివాళ్లనూ గొడ్లనూ నాటు పడవల్లో తెస్తారు. గట్టు మీదే పొయ్యి వెలుగుతుంది. పులిహోర పొట్లాలు పాలకొల్లు, నరసాపురం వైపు నుంచి వస్తాయి.

ఏరు తగ్గాక అసలు ప్రశ్న మొదలవుతుంది. 2022 జూలై వరదకు రెండు నెలల ముందే, మే 24న, కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడం మీద అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. పాలకొల్లు నుంచి చించినాడ వంతెన దాటితే కోనసీమే. మే నెలలో పేరు దగ్గర విడిపోయిన సీమ జూలైలో నీళ్ల దగ్గర కలవవలసి వచ్చింది. 2017లో భీమవరం దగ్గరి గరగపర్రులో చెరువుగట్టు మీద మిగతా నాయకుల సరసన అంబేడ్కర్ విగ్రహం పెట్టబోతే, దళితులకు కూలి పనులూ పాలూ సరుకులూ బందు చేశారు. అప్పుడు బయటి ఊళ్ల నుంచి సంఘాలు, న్యాయవాదులు, విద్యార్థులు వచ్చి వాళ్ల పక్కన కూర్చున్నారు. ఏటిగట్టు మీద బస్తా మోయడానికి చెయ్యి చాలు. చెరువుగట్టు మీద మనిషి పక్కన నిలబడాలంటే తన కులంవాళ్ల మాట కూడా పడాలి. మనవాళ్లకు మొదటిది వచ్చినంత బాగా రెండోది రాలేదు.

పర్యావరణం సంగతి తుందుర్రు చెబుతుంది. అక్కడ ఆక్వా ఫుడ్ పార్కు కడుతున్నప్పుడు గొంతేరు డ్రెయిను పాడైపోతుందని తుందుర్రు, జొన్నలగరువు, కంసాల బేతపూడి జనం ఎదురు తిరిగారు. ముందు వరుసలో ఆడవాళ్లు. 2016లో 144వ సెక్షను పెట్టారు, కేసులు పెట్టారు, కొందరు జైలుకు పోయారు. ఫ్యాక్టరీని తరలించలేకపోయారు గానీ, వ్యర్థ జలాన్ని పైపులైనులో సముద్రానికి పంపుతామన్న మాటను ప్రభుత్వంతో అనిపించారు. 2017 మార్చి 30న మొగల్తూరు మండలం నల్లంవారితోటలోని మరో ఆక్వా ప్లాంటులో విషవాయువుకు అయిదుగురు కార్మికులు చనిపోయారు. అప్పుడు ‘అభివృద్ధికి అడ్డం’ అన్న నోళ్లు కొన్నాళ్లు మూతపడ్డాయి. డ్రెయినులోని గుర్రపుడెక్క లాగడానికి వచ్చిన కుర్రాళ్లను అందరూ మెచ్చుకుంటారు. అదే డ్రెయినులోకి ఏం వదులుతున్నారని అడిగిన ఆడవాళ్లకు మాత్రం పోలీసు కబురొస్తుంది.

డెల్టాలో ఏ కూడలిలో చూసినా కాటన్ దొర విగ్రహం ఉంటుంది. ఉండాలి కూడా. ఆ గట్లు కాసినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా కనబడవు. 1986లో ఇరవై ఏళ్ల వయసులో గట్టు కాసినవాళ్లకు ఇప్పుడు అరవై నిండుతున్నాయి. మీ ఊళ్లో అలాంటివాళ్లు ఉంటే, ముఖ్యంగా పేటల్లో ఉంటే, ఈ వానాకాలం లోపే వెళ్లి వాళ్ల పేర్లు, ఆ రాత్రి వాళ్లు నిలబడిన చోటు రాసి పెట్టండి.