న్యాయమూర్తి మీదికి ఇటుకముక్క

ఇంగ్లిషు రాసేవాళ్లకు పెద్దబాలశిక్షలాంటి హెచ్.డబ్ల్యూ.ఫౌలర్ వాడుక నిఘంటువు 1926లో వచ్చింది. 2026తో దానికి నూరేళ్లు. గొప్ప కోసం ఫ్రెంచి మాటలు దొర్లించవద్దని ఆయన అందులో గట్టిగా చెప్పాడు. అంతగా చెప్పాల్సి వచ్చిందంటే ఆ అలవాటు ఎంత లోతుగా పాతుకుపోయిందో!

దాని వేళ్లు 1066లో ఉన్నాయి. ఆ ఏడాది అక్టోబరు 14న హేస్టింగ్స్ దగ్గర నార్మండీ ప్రభువు విలియం గెలిచాక, ఇంగ్లండులో పొలానికి ఇంగ్లిషు, కొలువుకు ఫ్రెంచి అన్నట్టయింది. మూడు వందల ఏళ్లు అలాగే గడిచాయి. ఫ్రెంచి జనానికి అర్థం కావడం లేదు కనుక కోర్టుల్లో వాదనలు ఇంగ్లిషులో సాగాలని 1362లో చట్టం చేశారు. ఆ చట్టాన్ని రాసింది ఫ్రెంచిలోనే.

వాదన మారినా వకీళ్ల కలం మారలేదు.

1631లో సాల్స్‌బరీ పట్టణంలో ప్రధాన న్యాయమూర్తి రిచర్డ్‌సన్ విచారణలు జరుపుతున్నాడు. నేరం రుజువైన ఒక ఖైదీ ఇటుకముక్క తీసి ఆయన మీదికి విసిరాడు. వెంట్రుకవాసిలో తప్పింది. అక్కడికక్కడే మరో నేరం మోపారు. కుడిచెయ్యి నరికి ఉరికొయ్యకు తగిలించారు. కోర్టు ఎదుటే ఆ కొయ్యకు అతణ్ని ఉరితీశారు.

ఇంత ఘోరాన్నీ ఒక వకీలు ఫ్రెంచిలోనే రాసుకున్నాడు. కానీ ఇటుకముక్కకు ఫ్రెంచి మాట తట్టలేదేమో, ‘బ్రిక్‌బ్యాట్’ అనే రాశాడు. కొద్దిలో తప్పిందనడానికి ‘నారోలీ మిస్ట్’ అన్నాడు. ఇంగ్లిషు మాటకు తెలుగు విభక్తి తగిలించి రోజంతా మాట్లాడే మనకు ఆ వకీలు పరాయివాడిలా అనిపించడు. చేతిలోంచి జారిపోతున్న భాషను అతను విడవలేక పట్టుకున్నాడు.

1731 నాటి చట్టం కోర్టు రాతలన్నీ ఇంగ్లిషులోనే ఉండాలంది. మాటలు మాత్రం మిగిలి, ఓడలెక్కి మన కోర్టుల దాకా వచ్చాయి. ప్లీడరు, బెయిలు, అప్పీలు అన్నీ ఆ దారిన వచ్చినవే. పెరోలు మరీ ముచ్చటైనది: ఫ్రెంచిలో ‘పరోల్’ అంటే మాట. తిరిగొస్తానని మాటిచ్చి ఖైదీ గడప దాటడమే పెరోలు.

ఆ తర్వాత కథ ఒక దారిన నడవలేదు. వంటింటి నుంచి కొన్ని ఫ్రెంచి మాటలు, దర్జీ దుకాణం నుంచి కొన్ని, యుద్ధరంగం నుంచి మరికొన్ని వచ్చాయి. 1946లో జార్జ్ ఆర్వెల్ కూడా వీటి మీద విరుచుకుపడ్డాడు. అయినా శుభలేఖల అడుగున ఆర్‌ఎస్‌వీపీ పదిలంగానే ఉంది; ‘దయచేసి జవాబివ్వండి’ అనే ఫ్రెంచి మాటల పొడి అక్షరాలవి. బ్రిటన్ పార్లమెంటులో బిల్లులకు రాజామోదం ప్రకటించే వేడుకలో, ‘రాజుగారికి సమ్మతమే’ అని గుమాస్తా ఇవాళ్టికీ నార్మన్ ఫ్రెంచిలోనే పలుకుతాడు.