చేపా, దాని నీళ్ళూ

షార్జాలో కాపురమున్నన్నాళ్ళూ మా ఇంట్లో ఒక ఫైటర్ చేప ఉండేది. ఏడేళ్ళ మా అమ్మాయికి అదే తోబుట్టువు. ఇంతలో నా ప్రాజెక్టు అయిపోయి మకాం డాలస్‌కి మారింది. సామాను సర్దుతుంటే అది వచ్చి, "నాన్నా, చేపకి కూడా టికెట్ కొన్నావా?" అంది. ఏం చెప్పాలో తెలీక, సాఫ్ట్‌వేర్ వాడి అలవాటు కొద్దీ రూల్స్ చదవడం మొదలెట్టాను. చదివి చదివి చివరికి చరిత్రలో తేలాను.

నిజానికి ఎమిరేట్స్ దేశంలో విమానమెక్కే ప్రాణులకి కొదవేం లేదు. అక్కడ డేగలకి పాస్‌పోర్టులున్నాయి. వేళాకోళం కాదండీ! అడవి డేగల దొంగ వ్యాపారాన్ని అరికట్టడానికి, సైటిస్ ఒప్పందానికి లోబడి 2002లో మొదలెట్టారు. కాలికున్న రింగు నంబరు అందులో రాస్తారు, మూడేళ్ళు చెల్లుతుంది. అక్కడి ఎమిరేట్స్ విమానాల్లో మామూలు పెంపుడు కుక్కకీ పిల్లికీ క్యాబిన్‌లో చోటుండదు గానీ, దుబాయికీ పాకిస్తాన్‌లోని కొన్ని ఊళ్ళకీ మధ్య డేగని వెంట తీసుకెళ్ళొచ్చు. చలికాలం వేటకి అక్కడికి వెళ్ళే అరబ్బుల ఆనవాయితీ అలాంటిది.

మరి చేప సంగతో? డేగకి గాలి ఎక్కడైనా దొరుకుతుంది. చేప మాత్రం తన లోకాన్ని మోసుకెళ్ళాలి. చేపల ప్రయాణాల చరిత్రంతా నిజానికి వాటి నీళ్ళ చరిత్రే.

1869లో చైనాలోని నింగ్‌పో నుంచి ఓ ఫ్రెంచి దౌత్యాధికారి వంద పారడైజ్ చేపల్ని ఓడలో పంపిస్తే, ప్యారిస్‌లో కార్బోనియే అనే చేపల పెంపకందారుడి చేతికి బతికి చేరినవి 22. ఆ మాత్రమైనా ఎలా మిగిలాయంటే, అవి నీటిపైకొచ్చి గాలి పీల్చగలవు. మా ఫైటర్ కూడా ఆ జాతి బంధువే. మన బజార్లో అడుగున కాసిని నీళ్ళున్న తొట్లో కొరమీను గంటల తరబడి బతికుండటం చూసే ఉంటారు. అదీ గాలి పీల్చేదే. ఆ విద్య తెలీని చేపలకి దూరప్రయాణమంటే చావుతో చెలగాటం. డబ్బాల్లో నీళ్ళు, దారి పొడుగునా ఎవరో ఒకరు కలియబెడుతూ ఉండాలి.

తర్వాత ఆకాశమార్గం వచ్చింది. 1936లో కొన్ని నియాన్ టెట్రాలు జర్మనీ నుంచి హిండెన్‌బర్గ్ ఎయిర్‌షిప్‌లో అమెరికా చేరి, షికాగోలోని షెడ్ అక్వేరియానికి వెళ్ళాయి. అసలు మలుపు మాత్రం రెండో ప్రపంచయుద్ధం తర్వాత వచ్చిన పాలిథీన్ సంచీ. మూడోవంతు నీళ్ళు, మిగతాది ఆక్సిజన్, పైన రబ్బరు బ్యాండు. అంతే! మన చెరువుల్లో వదిలే చేపపిల్లల్నీ ఇలాగే తోలుతారు. బయల్దేరే ముందు చేపని పస్తుంచుతారు, లేకపోతే అది విసర్జించే అమ్మోనియాయే దాన్ని చంపుతుంది. ఇలా సంచీలోని నీళ్ళు చేపకి ఓ చిన్న ఇల్లయ్యాయి.

ఆ ఇంటికి గండం 2006 ఆగస్టు 10న వచ్చింది. కూల్‌డ్రింకు సీసాల్లో ద్రవరూప పేలుడు పదార్థాలు నింపి విమానాలు పేల్చాలన్న కుట్రని లండన్‌లో పట్టుకున్నారు. ఆ దెబ్బతో ప్రపంచమంతటా చేతిసంచీలో ద్రవమేదైనా 100 మిల్లీలీటర్లకి మించకూడదన్న నియమం పాకింది. (కొత్త స్కానర్లు పెట్టిన కొన్ని ఎయిర్‌పోర్టుల్లో ఇప్పుడు సడలించారనుకోండి.) చేప మీద ఎవరికీ అనుమానం లేదు, అనుమానమంతా నీళ్ళ మీదే! అమెరికా సెక్యూరిటీవాళ్ళు మాత్రం పారదర్శకమైన పాత్రలో, నీళ్ళతో ఉన్న బతికున్న చేపని పరీక్షించి వదులుతారు. అంటే మేం వెళ్ళే దేశంలో చేపకి దారుంది. మేం ఎక్కాల్సిన విమానంలో మాత్రం లేదు. మిగిలింది కార్గో. అనుమతులు, ఆరోగ్య ధ్రువపత్రం, థర్మోకోల్ పెట్టె... అరచేతిలో సగం లేని చేపకి!

చివరికి కింది ఫ్లాట్‌లోని మలయాళీ వాళ్ళబ్బాయికి ఇచ్చేశాం. పాత నీళ్ళతోనే ఇవ్వాలమ్మా, కొత్తనీళ్ళు ఒక్కసారిగా పడవు అని చెప్తే, చుక్క ఒలక్కుండా జాడీ రెండు చేతులా పట్టుకుని మెట్లు దిగింది. వెనక్కి వచ్చాక ఆ పూట అన్నం తినలేదు. నాకు మూడో దేశం, దానికి ఇదే మొదటి ఊరు. ఆ తేడా నాకు అప్పటిదాకా తట్టలేదు.

ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ దగ్గర దాని నీళ్ళ సీసా తీసి పారబొయ్యమన్నారు. సగం పైనే ఉన్నాయి. డబ్బాలో ఒంపుతూ నా వైపు చూసింది.

"ఇందులో చేప కూడా లేదు కదా నాన్నా?"