పుట్టినయూరి పద్దు

పురపాలక సంఘమనగానే మనలో పెక్కుమందికి స్ఫురించునవి వీధిదీపములు, కుళాయి నీరు, చెత్తబండి, ఏటేట వచ్చు ఇంటిపన్ను తాఖీదు. ఇవన్నియు ఆ యూరిలో కాపురమున్నవారికి సంబంధించినవి. ఉద్యోగరీత్యా ఊరు విడిచి ఢిల్లీకో, నాగపూరుకో, కలకత్తాకో వచ్చి స్థిరపడిన మనబోటివారికి వానితో నిమిత్తము లేదనిపించును. కాని ఆ సంఘము చేయు పని యొకటి మనము ఎంత దూరము పోయినను మనలను విడువదు. అది జనన మరణముల పద్దు.

తెలుగు కుటుంబములలో తొలికాన్పు పుట్టింట జరుగుట ఆచారము. తండ్రి కొలువు ఢిల్లీలో, కాపురము సర్కారు క్వార్టర్లలో, బిడ్డ పుట్టునది మాత్రము తెనాలిలోనో, తణుకులోనో, సూర్యాపేటలోనో. జననము ఎచ్చట సంభవించినదో అచ్చటనే నమోదు కావలెనని చట్టము. కనుక బడిలో చేర్చుటకైనను, పాస్‌పోర్టు తీయుటకైనను కావలసిన పత్రము అమ్మమ్మగారి యూరినుండియే రావలెను. ఆ పత్రము మన చేతికి వచ్చు మార్గము గత ఇరువదియైదేండ్లలో ఎట్లు మారినదో పరిశీలించినచో, స్థానిక సంస్థలు కంప్యూటరును ఏ మేరకు వాడుకొన్నవో, ఎచ్చట వాడుకొనలేకపోయినవో తెలియగలదు.

మొదట పద్దు సంగతి. లార్డు రిప్పను స్థానిక స్వపరిపాలనను గూర్చి చేసిన ప్రసిద్ధ తీర్మానము 1882 మే 18 నాటిది. ఆ వెంటనే 1884లో మద్రాసు రాజధానిలో స్థానిక బోర్డులకు, జిల్లా మునిసిపాలిటీలకు చట్టములు ఏర్పడినవి. జనన మరణముల నమోదు కొరకు 1899లో ప్రత్యేక శాసనము వచ్చినది. పల్లెలలో గ్రామాధికారులు, పట్టణములలో మునిసిపాలిటీలు ఈ పద్దులు వ్రాయుచుండిరి. అయితే ఆ పద్దు పౌరునకు పత్రమిచ్చుటకు ఉద్దేశింపబడినది కాదు. కలరా, మశూచి వంటి జాడ్యములచే ఎచ్చట ఎందరు మరణించుచున్నారో దొరతనమువారికి తెలియవలెను. లెక్క పైకి పోవలెను. పుస్తకము మాత్రము బీరువాలో నుండిపోవును. దానితో తనకొక అవసరము పడునని ఏ గృహస్థుడును తలచి యుండడు. వయస్సు నిరూపించుకొనుటకు పాఠశాల ధ్రువపత్రమే చాలును. అందలి తేదీని బడిలో చేర్చుకొన్న మాస్టరుగారు నిర్ణయించెడివారు. మన పెద్దలలో జూలై 1వ తేదీన జన్మించినవారు అంతమంది యుండుటలోని రహస్యము జ్యోతిషమున లేదు, హాజరుపట్టీలో కలదు.

దేశమంతటికిని ఒకే విధమైన జనన మరణముల నమోదు చట్టము 1969లో చేయబడి, మరుసటి యేడు చాల రాష్ట్రములలో అమలులోనికి వచ్చినది. 1989 జనవరి 26న గాని, ఆ తరువాత గాని పుట్టినవారికి పాస్‌పోర్టు కావలెనన్న జననపత్రమే చూపవలెనను నియమము 2016 తుది వరకు నడచినది. అనగా ప్రభుత్వపు లెక్క కొరకు పుట్టిన పుస్తకము క్రమముగా పౌరుని సొత్తయినది. కాని పుస్తకమున్న చోటు మారలేదు. అదే బీరువా, అదే తాళపుచెవి, సెలవులో నున్న అదే గుమాస్తా.

ఇందు మా యింటి యనుభవమొకటి చెప్పవలెను. మా పెద్దవాడు 2007లో గోదావరి తీరమున ఒక చిన్న పట్టణములో, వాని మాతామహుల యింట జన్మించెను. నాలుగేండ్ల తరువాత ఢిల్లీలో బడికి దరఖాస్తు పెట్టునపుడు పత్రము తెప్పించి చూడగా, తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ అన్నియు సరిగానే యున్నవి. బిడ్డ పేరున్న గడి ఖాళీ. మనకు ఇరువదియొకటవ నాడుగాని నామకరణము జరుగదు. ఆసుపత్రివారు అంతకు ముందే వివరములు పంపివేయుదురు. పేరు చేర్పించుటకు మా మామగారు డెబ్బదేండ్ల వయస్సులో పురపాలక కార్యాలయమునకు నాలుగు మారులు తిరిగిరి. మొదటి మారు పుస్తకము దొరకలేదు. రెండవ మారు దొరికినది గాని సంతకము చేయవలసిన యధికారి లేరు. "పుట్టినట్లు ఉందండీ, పేరే లేదు" అని గుమాస్తా సానుభూతితోనే చెప్పెనట. పన్నెండు నెలలలోపల రుసుము లేకుండ, పదునైదేండ్ల వరకు ఆలస్య రుసుముతో పేరు చేర్పించుకొనవచ్చునని చట్టములోనే యున్నది. ఆ సంగతి ఆసుపత్రిలో మాకు ఒక్కరును చెప్పలేదు, మేమును అడుగలేదు.

కంప్యూటరు ప్రభుత్వ కార్యాలయములలోనికి వచ్చుటయు మొదట ఆ పాత పద్దు మార్గముననే జరిగినది. జాతీయ సమాచార కేంద్రము 1976లో స్థాపింపబడినది. 1980ల తుదినాటికి ఉపగ్రహము సాయముతో జిల్లా కేంద్రములు ఢిల్లీతో ముడిపడినవి. అంకెలు కలెక్టరు కచేరీనుండి పైకి పోవుట సులభమైనది. మునిసిపలు కౌంటరు ముందు నిలుచున్న మనిషికి దానివలన ఒరిగినది స్వల్పము.

మార్పునకు బీజము యంత్రమున గాక రాజ్యాంగమున పడినదని నా తలంపు. 1992లో ఆమోదింపబడిన 73, 74వ సవరణలు 1993లో అమలులోనికి వచ్చినవి. పంచాయతీలకు 29 అంశములు, పురపాలక సంఘములకు 18 అంశములు షెడ్యూళ్ళలో చేర్పబడినవి. ఆ 18లో జనన మరణముల నమోదు కూడ నున్నది. గణాంకముల కొరకు చేయించుకొన్న చాకిరి, ఎన్నికైన సంఘము తన యూరివారికి చేయవలసిన సేవగా గుర్తింపబడినది.

తెలుగునాట దీనిని మొదట పట్టుకొన్న సంఘములలో విశాఖపట్టణము పేర్కొనదగినది. 1979లో నగరపాలక సంస్థయైన ఆ నగరము 2000 ప్రాంతమున "సౌకర్యం" అను పేర ఒక పథకము ప్రారంభించెను. ఇంటిపన్ను చెల్లించుట, ఫిర్యాదు నమోదు చేయుట, ఇంటి ప్లాను ఏ బల్ల మీద నున్నదో తెలిసికొనుట, జనన మరణ పత్రములు పొందుట అందులోని ముఖ్య విషయములు. వినుటకు ఇది చిన్నపని. కాని పన్ను తెరమీద కనబడవలెనన్న ప్రతి ఇంటి మదింపును వార్డు పుస్తకములనుండి ఎత్తి వ్రాయవలెను. ఎత్తి వ్రాయునపుడు పన్ను లేని యిండ్లు, ఇల్లు లేని పన్నులు బయటపడును. యంత్రము కొనుటకంటె ఈ పని కష్టము. బిల్లు కలెక్టరు జ్ఞాపకశక్తి మీద నడచిన వ్యవహారము సంఘపు జ్ఞాపకములోనికి మారుట ఇచ్చటనే జరిగినది.

హైదరాబాదులో మరియొక త్రోవ తొక్కిరి. 1999 డిసెంబరులో జంటనగరముల పేర "ట్విన్స్" అను ప్రయోగము ఒక కేంద్రముతో మొదలైనది. 2001 ఆగస్టులో అదియే "ఈ-సేవ" అయ్యెను. కరెంటు బిల్లు, నీటి బిల్లు, ఇంటిపన్ను, జననపత్రము అన్నియు ఒకే కిటికీ వద్ద, ఏ కిటికీ వద్దనైనను లభించును. ఏ పేటవారు ఆ పేట కార్యాలయమునకే పోవలెనను నిర్బంధము తొలగినది. ఉదయము 8 గంటలనుండి రాత్రి 8 గంటల వరకు తెరచియుంచుటచే కచేరీలలో పనిచేయు మనబోటివారు సెలవు పెట్టకుండ బిల్లు కట్టగలిగిరి. 2011 నవంబరులో వచ్చిన "మీ సేవ" ఈ పద్ధతిని పల్లెల వరకు కొనిపోయెను. మా రెండవ బిడ్డ 2014లో అదే పట్టణములో పుట్టినది. ఈసారి మామగారు మీ సేవ కేంద్రమునకు ఒక్కమారు పోయి, పేరుతో సహా పత్రము తెచ్చి, మరునాడే మాకు రిజిస్టరు పోస్టులో పంపిరి.

ఇందులో ఒక చిక్కు కలదు. ఈ-సేవ, మీ సేవ రాష్ట్రప్రభుత్వపు కిటికీలు. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన గ్రామ, వార్డు సచివాలయములు సేవలను ఇంటి ముంగిటికి తెచ్చినవి. 2025 జనవరిలో అచ్చటి ప్రభుత్వము వాట్సాపు ద్వారా 161 సేవలతో "మన మిత్ర"ను ప్రారంభించెను. పౌరునకు వేగము దొరికినది, కాదనలేము. కాని పత్రమిచ్చిన కేంద్రము వేరు, ఓటువేసి యెన్నుకొన్న సర్పంచి వేరు అయినపుడు, వీధికుళాయి చెడినచో ప్రశ్నింపవలసిన దెవరిని? అధికారములో ఏ పక్షమున్నను ఈ ప్రశ్న తప్పదు.

కేరళమువారి త్రోవ ఇందుకు భిన్నము. 1996లో జనకీయ ప్రణాళిక పేర రాష్ట్ర ప్రణాళికా నిధులలో మూడవ వంతునకు మించి స్థానిక సంస్థలకు అప్పగించిరి. ఖర్చుపెట్టు చేతికి లెక్కచెప్పు బాధ్యత వచ్చెను. 1999లో మొదలైన ఇన్‌ఫర్మేషను కేరళ మిషను పంచాయతీ కార్యాలయములలోని పద్దులను, ముఖ్యముగా జనన మరణ వివాహ పుస్తకములను, కంప్యూటరు కెక్కించుటకు పూనుకొన్నది. 2024 జనవరి 1న అచ్చటి పట్టణ సంస్థలలో "కె-స్మార్ట్" ప్రారంభమైనది. యంత్రము ఆ సంఘము పేరుననే, ఆ సంఘపు కార్యాలయముననే పనిచేయుట మనము గమనింపదగిన విషయము. ముందు నిధులు, పిమ్మట యంత్రము.

తెలంగాణములో 2020లో చేసిన ఇండ్ల అనుమతుల చట్టము వేరొక కారణమున ముఖ్యమైనది. 75 చదరపు గజముల లోపు స్థలములో చిన్న యిల్లు కట్టుకొనువారు ఒక రూపాయి చెల్లించి నమోదు చేసికొనిన చాలునని, పెద్ద కట్టడములకు 21 దినములలో నిర్ణయము చెప్పవలెనని అందు విధించిరి. గడువును చట్టములో వ్రాయుట యంత్రము చేయగల పని కాదు. అదే సంవత్సరము ఏప్రిలు 24న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన "ఈ-గ్రామ్ స్వరాజ్" వలన ఏ పంచాయతీకి ఎంత సొమ్ము వచ్చినది, దేనికి వ్యయమైనది అను సంగతి ఇచ్చట కూర్చుండి చూడవచ్చును. తమ స్వగ్రామపు పద్దు ఒక్కమారు తెరచి చూడుడని పాఠకులకు మనవి; కొన్నిచోట్ల మీకు ఎరుకలేని కాలువలు, రోడ్లు కనబడవచ్చును.

2023లో 1969 నాటి చట్టము సవరింపబడి, ఆ యేడు అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆ దినము మొదలుకొని పుట్టిన బిడ్డలకు బడికి, ఓటునకు, ప్రభుత్వోద్యోగమునకు, వివాహ నమోదునకు జననపత్రమే ఆధారము. కనుక గడి ఖాళీగా నుండుటకు వెల యిప్పుడు మునుపటికంటె హెచ్చు. కాన్పుకు ఊరికి పోవు మన యాడపడుచులు, కోడండ్రు ఆసుపత్రి విడుచుటకు ముందే తల్లిదండ్రుల పేర్ల యక్షరములు సరిచూచుకొనుట, నామకరణము కాగానే పేరు చేర్పించుట మరువరాదు.

అక్షరముల మాట ఊరక అనలేదు. పాత పుస్తకములను తెరకెక్కించునపుడు తెలుగు పేర్లను ఇంగ్లీషులోనికి మార్చి వ్రాసిరి. వేంకటేశ్వర్లుగారికి ఎన్ని రూపములు రాగలవో ఊహింపుడు. పుస్తకములోని తప్పు ఒక బీరువాలో పడియుండెడిది. తెరమీది తప్పు ఆధారుకు, పాస్‌పోర్టుకు, బ్యాంకుకు ప్రాకును. మా పెద్దవాని పత్రమున మా యింటిపేరులో ఒక యక్షరము అధికముగా పడినది. వాడు కళాశాలలో చేరిన పిమ్మట గాని మేము దానిని గమనింపలేదు. సవరణకు దరఖాస్తు ఇచ్చటనుండియే పంపితిమి, రసీదు సంఖ్య క్షణములో వచ్చినది. మూలపు పుటను చూచి సరిపోల్చవలసి యున్నదని తెరమీద మూడు నెలలుగా కనబడుచున్నది. మామగారు ఇప్పుడు లేరు. వచ్చు సంక్రాంతి సెలవులలో నేనే పోయి ఆ బీరువా తెరిపింపవలెను.