దోమల లెక్క

సికింద్రాబాదు నుండి ఉత్తరముగా పోవు బాటలలో నాగపురము బాటమీద మేడ్చల్, కరీంనగరము బాటమీద శామీర్‌పేట కలవు. చెరువుల క్రింద వరి పండించిన ఈ ఊళ్ళు నేడు నగరములో కలిసిపోవుచున్నవి. క్రొత్తగా జనము చేరిన చోట దోమకాటు జ్వరములు ప్రబలునా? ముందుగా ఎట్లు తెలిసికొనగలము? ఈ ప్రశ్నకు బదులు చెప్పు శాస్త్రమునకు మన నగరముతోనే సంబంధము కలదు.

1897 ఆగస్టు 20న బేగంపేటలో సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్, మలేరియా రోగిని కుట్టిన దోమ కడుపు గోడలో రోగబీజములను చూచెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. ఇంతవరకు మనమందరము ఎరిగినదే. ఆ తరువాతి కథ అంతగా ప్రచారములోనికి రాలేదు.

దోమలనన్నిటిని చంపుట సాధ్యమా యను సందేహమునకు రాస్ లెక్కలతో సమాధానము చెప్పెను. 1908లో మారిషస్ దీవిని గూర్చిన నివేదికలోను, 1911లో మరింత విపులముగాను దానిని వివరించెను. ఊరిలో రోగులెందరు? వారిని కుట్టు దోమలెన్ని? రోగబీజము దోమలో పక్వమగుటకు సుమారు పది దినములు పట్టును; అంతవరకు బ్రదుకునవెన్ని? వానిలో మరల మనిషిని కుట్టునవెన్ని? మెట్టు మెట్టునకు సంఖ్య తరుగును. కావున జనసంఖ్యతో పోల్చగా దోమలు ఒక హద్దుకు దిగువనున్నచో, కొన్ని మిగిలినను రోగము క్రమముగా అణగిపోవును. హద్దు మీరినచో ఒక్క రోగి రాకతోనే వ్యాపింపవచ్చును.

1950ల దశకమున జార్జి మెక్డొనాల్డ్ ఈ లెక్కను పెంపొందించి, పెద్ద దోమల ఆయువును తగ్గించుట మిక్కిలి ఫలప్రదమని చూపెను. ఇండ్ల గోడలపై డి.డి.టి. చల్లుటకు ఇది బలము చేకూర్చెను. 1965 నాటికి మన దేశమున మలేరియా కేసులు ఏటికి సుమారు లక్షకు దిగెను; దోమలు మందుకు లొంగకపోవుటవలనను, మన ఏమరుపాటువలనను 1976లో 64 లక్షలకు ఎగబ్రాకెను.

క్రొత్త చోటికి పాత లెక్క సరిపడదు. పొలము ఇంటిస్థలమైనచో మడినీరు పోవును. మిద్దెమీది తొట్టియు, కట్టడపు గుంటయు వచ్చును. నగరపు మలేరియా దోమ స్టెఫెన్సై అట్టి నీటినే కోరును. 2012లో ఆఫ్రికాలోని జిబూటీలో కనిపించిన ఈ దోమ, అటు పిమ్మట ఇథియోపియాలోను బయటపడెను. డెంగీ దోమకు పూలకుండీ క్రింది పళ్ళెమైనను చాలును.

దోమగ్రుడ్డు రెక్కల దోమ యగుటకు సుమారు వారము, పది దినములు పట్టును. వారమున కొకమారు నీటితొట్టిని తోమి ఆరబెట్టుకొను ప్రతి ఇల్లును రాస్ లెక్కలో ఒక అంకెను తగ్గించుచున్నది. అన్నిటిని చంపనక్కరలేదు, హద్దుకు దిగువ నుంచుకొన్న చాలును.