పేరు లేని అక్కను చూపిన అయ్యవారు

తెనాలి రామకృష్ణుని ‘పాండురంగ మాహాత్మ్యం’లో నిగమశర్మ అనే దారితప్పిన కుర్రవాడు ఉన్నాడు. అతన్ని దారికి తేవాలని అత్తగారింటి నుంచి అక్క వస్తుంది. తమ్ముణ్ణి బుజ్జగిస్తుంది, మందలిస్తుంది. నాలుగు రోజులు బుద్ధిగా ఉన్నట్టే ఉండి, ఒక రాత్రి ఇంట్లోని నగలు మూటగట్టుకొని అతను ఉడాయిస్తాడు. అక్క కొత్త ముక్కర కూడా ఆ మూటలోనే పోతుంది. ఆ తర్వాత కథ తమ్ముడి వెంట సాగిపోతుంది. కవి ఆ ఆడపడుచుకు పేరైనా పెట్టలేదు.

చదివేవాళ్ళు నిగమశర్మ వెంట వెళ్ళిపోతే, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ అక్క దగ్గర ఆగారు. ఆమె ప్రేమ, కోపం, ఇంటి పరువు గురించిన దిగులు, నగ పోయిన బాధ అన్నింటినీ విడదీసి చూపారు. ‘నిగమశర్మ అక్క’ వ్యాసం వచ్చాక ఆమె తెలుగు సాహిత్యంలో అందరికీ తెలిసిన మనిషి అయింది.

ఇంత మెత్తగా తెలుగు చదివి చూపిన ఈ అయ్యవారి ఉద్యోగం తెలుగునాట కాదు, మైసూరులో.

1893 జనవరి 23న అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో ఆయన పుట్టారు. తండ్రి దగ్గర సంస్కృతం, తెలుగు నేర్చారు. పాట తల్లి నోటి నుంచి వచ్చింది. పై చదువుకు మైసూరు చేరి పరకాల మఠంలో కృష్ణబ్రహ్మతంత్ర స్వాముల వద్ద సంస్కృతం చదివారు. అక్కడే కట్టమంచి రామలింగారెడ్డి పరిచయమయ్యారు. ఆయన ప్రోత్సాహంతో 1912లో మహారాజా కళాశాలలో తెలుగు పండితుడిగా చేరారు. అప్పటికి ఇరవై ఏళ్ళు నిండలేదు. నాలుగేళ్ళకు మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1949 దాకా ఆయన ఆ ఊళ్ళోనే తెలుగు చెప్పారు.

ఆ కళాశాల సామాన్యమైనది కాదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1918 నుంచి 1921 దాకా అక్కడ తత్వశాస్త్రం చెప్పారు. ఆయన కలకత్తాకు బయలుదేరిన రోజు విద్యార్థులే పూలు కట్టిన బండిని రైల్వే స్టేషను దాకా లాక్కెళ్ళారు. హిరియణ్ణ, బి.ఎం. శ్రీకంఠయ్య, తర్వాత కువెంపు అక్కడి గురువులే. అంతటి కన్నడ కొలువులో తెలుగు అయ్యవారు ముడుచుకొని కూర్చోలేదు. కన్నడం తనదిగా చేసుకొని ‘గానకళె’, ‘సాహిత్య మత్తు జీవనకళె’ అనే పుస్తకాలు ఆ భాషలోనే రాశారు. బిడారం కృష్ణప్ప వంటి విద్వాంసుల దగ్గర సంగీతం నేర్చుకున్నారు.

పరభాష నడుమ తెలుగు చెప్పిన ఈ సంగతి తమిళనాడు సరిహద్దులోని హోసూరు వాళ్ళకు మరీ దగ్గరగా తోస్తుంది. టిప్పు కాలంలో మైసూరు ఏలుబడిలో ఉన్న ఊరు ఇది. ఆ తర్వాత మద్రాసు వైపు వచ్చింది. బెంగళూరు 40 కిలోమీటర్లు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సరిహద్దు దాటితే కన్నడం. 2006లో బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ తమిళనాడు తమిళ అభ్యసన చట్టం తెచ్చినప్పుడు, పిల్లలకు అమ్మనుడిలో చదువు నిలవాలని ఈ ప్రాంతపు తెలుగువాళ్ళు కోర్టు మెట్లెక్కారు. పరాయి గడ్డ మీద ఒక్క మంచి తెలుగు అయ్యవారు ఉంటే తెలుగు ఎంత నిలుస్తుందో ఈ మొరసునాడుకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

1928లో, కట్టమంచి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షులుగా ఉన్నప్పుడు, రాళ్ళపల్లి అనంతపురంలో వేమన మీద ఉపన్యాసాలు ఇచ్చారు. మరుసటి ఏడు అవి పుస్తకమయ్యాయి. పల్లెల నోళ్ళలో ఆడుతున్నా పండితులు పక్కన పెట్టిన కవిని ఆయన కాలం, జీవితం, మతం, నీతి, హాస్యం, కవిత్వం అంటూ ఒక్కొక్కటిగా తరచి చూశారు. మెచ్చుకోలు ఉన్నచోటే తప్పును తప్పు అన్నారు. వేమనను విమర్శకు నిలిచే కవిగా చూడడం అక్కణ్ణుంచే బలపడింది.

ఉద్యోగ విరమణ తర్వాత మరో పెద్ద పని ఎదురుచూస్తోంది. తిరుపతిలో అన్నమాచార్యుల రాగిరేకుల మీద వేల పాటలున్నాయి. ప్రతి పాటకు రాగం పేరుంది, స్వరం లేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి ఆ పరిష్కరణను ముందుకు నడిపారు. 1950లో ఆయన పోయారు. శ్రీవేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థలో ఆ పనిని రాళ్ళపల్లి అందుకున్నారు. పాఠం దిద్దే పండితుడు, రాగం పట్టే గాయకుడు ఒక్క మనిషిలోనే ఉండడం ఆ రేకుల అదృష్టం. ఆయన వందకు పైగా కీర్తనలకు వరుసలు కట్టి స్వరపరిచారు.

1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1979 మార్చి 11న తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన విద్వాంసుడిగా గౌరవించింది. ఆ రోజే బెంగళూరులో ఆయన కన్నుమూశారు.

ఆయన పాటలు, పుస్తకాలు ఈనాటికీ అందుబాటులో ఉన్నాయి. నిగమశర్మ అక్కకు మాత్రం ఆయన కూడా పేరు పెట్టలేదు. ‘అక్క’ అనే పిలిచారు.