సరిహద్దుకు అవతలి తూము

భాషా ప్రయుక్త రాష్ట్రాలు కావాలని అభ్యుదయవాదులు నినాదమిచ్చిన కాలాన రాజోలిబండ కాలువను గూర్చి పట్టించుకొన్నవారు తక్కువ. అలంపురం, గద్వాల రైతాంగానికి ఆ కాలువే ఆధారం. నినాదం తప్పని నేననను. కాని దానివల్ల ఎవరికేమి నష్టం కలిగిందో మనమే చెప్పుకోవాలి.

1956 నవంబరు 1కి ముందు గద్వాల, అలంపురం తాలూకాలు హైదరాబాదు రాష్ట్రంలోని రాయచూరు జిల్లాకు చెందినవి. జిల్లా కచేరీలో పని పడితే రాయచూరు పోవలసిందే. తుంగభద్ర ఆవలి ఒడ్డున ఉన్న కర్నూలు మాత్రం పరాయి సీమ. నిజాం కాలంలో ఏరు దాటితే సర్కారు మారేది. హాలీ సిక్కా పోయి కలదారు వచ్చేది. సరుకుకు కరోడ్‌గిరి సుంకం చెల్లించాలి. నిజాం తాను స్వతంత్రుడనని చెప్పుకొన్న 1947 ఆగస్టు నుండి 1948 సెప్టెంబరు దాకా ఆ ఏరు రెండు దేశాల సరిహద్దు అన్నట్లే ఉండినది.

1956లో ఇదంతా తలకిందులైనది. ఈ రెండు తాలూకాలు మహబూబ్‌నగర్ జిల్లాలో చేరి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. రాయచూరు మైసూరుకు పోయినది. కర్నూలు వైపు గోడ కూలినది, రాయచూరు వైపు గోడ లేచినది. తెలుగువాళ్ళు ఒకటైనారన్న సంబరంలో ఈ రెండవ గోడను మనవాళ్ళు సరిగా చూడలేదు.

రాజోలిబండ ఆనకట్ట ఎడమ చివర రాయచూరు జిల్లాలోను, కుడి చివర కర్నూలు జిల్లాలోను ఉన్నది. కాలువ పొడవు 143 కిలోమీటర్లు. అందులో మొదటి 42 కిలోమీటర్లకు పైగా కర్ణాటకలోనిదే. బచావత్ ట్రిబ్యునల్ దీనికి కేటాయించిన 17.1 టి.ఎం.సి.లలో 15.9 అలంపురం, గద్వాల వైపు రైతులవి. కర్ణాటక వంతు 1.2. ఈ వైపు ఆయకట్టు 87,500 ఎకరాలు. నీటిలో పదింట తొమ్మిది వంతులకు పైగా ఒక రాష్ట్రానిది, తూము తాళంచెవి మరొక రాష్ట్రానిది! కాలువ తల వద్ద మరమ్మతుకు డబ్బు వీళ్ళు పంపాలి, పని వాళ్ళు చేయాలి. దిగువన సుంకేసుల వద్ద కర్నూలు–కడప కాలువ రైతులు కూడా ఈ ఏటినే కనిపెట్టుకొని ఉంటారు. వారిది దురాశ అని నేననను. నీరు రాకపోతే వారి పైరూ ఎండుతుంది.

సర్కార్ల మధ్య ఒప్పందం కుదరదనడం అబద్ధం. 1944లో మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు తుంగభద్ర నీటిని చెరి 65 టి.ఎం.సి.లుగా పంచుకొన్నాయి. 1945 ఫిబ్రవరి 28న ఒక ఒడ్డున బీరారు యువరాజు, రెండవ ఒడ్డున మద్రాసు గవర్నరు పునాదిరాళ్ళు వేశారు. ఒక నవాబు, ఒక వలస ప్రభుత్వం ఆ పాటి పని చేసుకోగలిగాయి. అయితే రైతును అడిగినవాడెవడు? 1953లో తుంగభద్ర బోర్డు ఏర్పడినది. దానిలో కూర్చొనేది అధికారులు, ఇంజనీర్లు. కాలువ చివరి రైతుకు కుర్చీ లేదు.

స్విట్జర్లాండులోని బాసెల్ నగరపు విమానాశ్రయం ఫ్రాన్సు నేల మీద ఉన్నది. 1949 సంధి ప్రకారం దానిని రెండు దేశాలూ కలిసి నడుపుతున్నాయి. నేల ఫ్రాన్సు ఇచ్చినది, కట్టుబడి ఖర్చు స్విస్సువారు పెట్టుకొన్నారు. డబ్బున్న వర్తకుల అవసరం గనుక ఆ సంధి నిలిచిందని ఎవరైనా అంటే నేను కాదనను. అలంపురం కౌలుదారుకు అంత పలుకుబడి ఎక్కడిది?

2014లో కర్నూలు వైపు గోడ మళ్ళీ లేచినది. 2021 మే నెలలో కోవిడ్ రోగులతో హైదరాబాదు పోతున్న అంబులెన్సులను పుల్లూరు వద్ద తెలంగాణ పోలీసులు ఆపినారు. చివరకు హైకోర్టు కల్పించుకొని అడ్డు తీయించవలసి వచ్చినది. ఇప్పుడు రాజోలిబండ నీటి మీద మూడు రాష్ట్రాలు మాట్లాడుకోవాలి. మాటలు సాగలేదు గనుక తెలంగాణ ప్రభుత్వం తుమ్మిళ్ళ ఎత్తిపోతల పథకం పెట్టినది. పల్లానికి తనంతట తాను పారి రావలసిన నీటిని కరెంటు ఖర్చు పెట్టి ఎత్తి కాలువలో పోయడమే దాని పని. కాలువ చివరి రైతుకు అది కొంత ఊరట, నిజమే. ఆ పంపులు నీరు తోడేది సుంకేసుల బ్యారేజీ వెనుక నిలిచిన నీటి నుండి. కర్నూలు–కడప కాలువ రైతు కనిపెట్టుకొని ఉన్నదీ ఆ నీటి కోసమే.