కొండ అదే, కాఫీ మారింది

నరసరావుపేట కేంద్రంగా పల్నాడు, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఒకే రోజున, 2022 ఏప్రిల్ 4న పుట్టాయి. మాచర్ల, గురజాల ఎండలకు మిరప, పత్తి తట్టుకుంటాయి గానీ కాఫీ మొక్క నిలవదు. అరకు, పాడేరు కొండల్లో నిలుస్తుంది. ఎందుకని అడిగితే ఎవరైనా చెప్పేది ఎత్తు, చలి, చెట్ల నీడ. మొక్క బతకడానికి ఆ జవాబు సరిపోతుంది. పేరు రావడానికి చాలదు. బ్రోడీ అనే ఇంగ్లిషు అధికారి పాములేరు లోయలో కాఫీ నాటించింది 1898లో. 1920ల్లో అది అరకు వైపు పాకింది. పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచింది 2017లో, అక్కడే బంగారు పతకం గెలిచింది ఆ మరుసటి ఏడు. ఈ నూట ఇరవై ఏళ్లలో కొండ అంగుళమైనా పెరగలేదు. మరి కాఫీకి గౌరవం ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చింది? తోట ఎవరి చేతిలో ఉంది, పండును ఎవరు ఎలా కొన్నారు అన్న రెండు ప్రశ్నల్లోనే జవాబు ఉందని నా వాదన.

కొడగు, చిక్కమగళూరుల్లో పందొమ్మిదో శతాబ్దంలోనే దొరల ఎస్టేట్లు వెలిశాయి. మన్యంలో అలా జరగకపోవడానికి చట్టం ఒక పెద్ద కారణం. ఏజెన్సీలో గిరిజనుల భూమి బయటివాళ్లకు పోవాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలని 1917లోనే మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. 1959 నిబంధనలకు 1970లో వచ్చిన సవరణ, జనం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని పిలిచేది, గిరిజనేతరులకు అమ్మకాన్నే చెల్లకుండా చేసింది. అందుకే కాఫీ అక్కడ ఎకరం, రెండెకరాల తోటగా రైతు పేరునే మిగిలింది. దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. దొర రాకపోతే సర్కారు వచ్చింది కదా! అటవీ శాఖ 1960 నుంచి రిజర్వు అడవిలో కాఫీ వేసింది, 1985లో ఆ తోటలు అటవీ అభివృద్ధి సంస్థ చేతికి వెళ్లాయి, వాటిలో గిరిజనులు కూలీలే. నిజమే. అయితే పారిస్‌లో మెప్పు పొందింది ఆ తోటల పంట కాదు, చిన్న రైతుల పంట. ఇంకో అభ్యంతరం నాకు ఇంతకన్నా బరువైనదిగా కనిపిస్తుంది: చట్టం భూమిని కాపాడింది గానీ పంటను కాపాడలేదు. అడ్వాన్సు ఇచ్చిన షావుకారుకు పట్టాతో పనేముంది, కాయ చేతికొస్తే చాలు.

ఆ కాయ దగ్గరే అసలు కథ ఉంది. కాఫీ పండ్లు ఒకేసారి పండవు. ఒకే కొమ్మ మీద ఎరుపు, పసుపు, పచ్చ పక్కపక్కనే ఉంటాయి. ఎర్రవి మాత్రమే కోయాలంటే నవంబరు నుంచి మూడు నాలుగు సార్లు తోటంతా తిరగాలి. కోసిన రోజే నీళ్లలో వేసి తేలినవి తీసేయాలి. పల్నాడు కల్లాల్లో మిర్చి రైతు తాలు కాయ ఏరేయడం లాంటిదే ఇది. తర్వాత పల్పర్‌లో తోలు వలిచి, గింజకు అంటుకున్న జిగురు విడిచేదాకా ఒక రోజో, రోజున్నరో తొట్టిలో పులియబెట్టి, కడిగి, తేమ పది పదకొండు శాతానికి దిగేదాకా ఆరబెడితే పార్చ్‌మెంట్ అవుతుంది. ఇంత పనెందుకనుకుంటే కొమ్మంతా ఒకేసారి దూసి, కాయను నేల మీద ఎండబోసి, చెర్రీగా సంతలో అమ్మొచ్చు. కొనేవాడు ఎరుపుకూ పచ్చకూ ఒకే ధర కడితే రెండో దారి పట్టిన రైతును బద్ధకస్తుడని అనలేం, లెక్క తెలిసినవాడనే అనాలి. 1942 చట్టం కింద దేశంలోని కాఫీ అంతా కాఫీ బోర్డు ఉమ్మడి పూల్‌లోకి పోయేది. గింజ గ్రేడు మిగిలేది గానీ ఊరి పేరు కొనేవాడిదాకా చేరే దారి ఉండేది కాదు. ఆ కట్టుబాటు 1990ల మధ్యలో సడలింది. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ సంతలో షావుకారుకు పోటీగా నిలిస్తే, నాంది ఫౌండేషన్ అండతో 2007లో ఏర్పడిన రైతుల సహకార సంఘం పండునే పండుగా కొని, ఒక్కచోట పల్పింగ్ చేసింది. పచ్చకాయ కోస్తే నష్టమని రైతుకు తెలిసొచ్చింది అప్పుడే.

2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి ఘనత నేలదేనని అనేవాళ్లున్నారు. ఆ గుర్తింపు పంట పుట్టిన చోటు చెబుతుంది, పండి కోశారో పచ్చిగా దూశారో చెప్పదు. అలాగని చిన్న తోటను ఆకాశానికెత్తనూ అక్కర్లేదు. 1990లో నీలగిరుల్లోని గూడలూరులో మొదట కనిపించిన కాయతొలుచు పురుగు 2025లో అరకు తోటల్లో బయటపడింది. పురుగు పట్టిన కాయలు కోసి మరిగే నీళ్లలో ముంచాలి, రాలినవాటినీ ఏరాలి. ఎస్టేటులో అయితే మేనేజరు ఒక్క మాటతో ఈ పని మొదలవుతుంది. ఇక్కడ ఒక రైతు ఏరినా, పక్క రైతు ఏరకపోతే పురుగు గట్టు దాటి వస్తుంది. ఏరి పారేసే ఆ కాయల నష్టం ఎవరు భరించాలన్నది తేలితే తప్ప ప్రతి తోటలోనూ ఆ పని జరగదు.